‘ఎండాకాలమా, చలికాలమా?’ అనే జర్మన్ ప్రశ్న గారికి

గౌరవనీయులైన ‘మాగ్స్ట్ డూ లీబర్ జోమర్ ఓడర్ వింటర్?’ గారికి,

నమస్కారాలు. ఎండాకాలం ఇష్టమా, చలికాలం ఇష్టమా అని మీరు నన్నడగడం ఇది ఎన్నోసారో లెక్క తప్పింది. లిఫ్టులో అడిగారు, బస్టాపులో అడిగారు, బేకరీ క్యూలోనూ వదల్లేదు. ఈ దేశంలో జీతమెంతని అడగరు, పెళ్లెప్పుడని అడగరు, అన్నం తిన్నావా అని అసలే అడగరు. వాటన్నిటి బదులూ మీరొక్కరే తిరుగుతుంటారు, పాపం.

నిన్నటి సంగతికి వస్తాను. బయట 36 డిగ్రీలు. మా ఆఫీసులో ఏసీ లేదు, ఫ్యానూ లేదు. కాఫీ మెషిన్ దగ్గర పక్క టీమ్ ఆవిడ మిమ్మల్ని బయటికి తీసింది. పైగా ‘ఇండియా వాడివి కదా, నీకిదొక ఎండా?’ అని తోక తగిలించింది. అయ్యా, నాది రెంటచింతల. ఎండలకి పేరుపడ్డ ఊరే, కాదనను. అంతమాత్రాన ఎండంటే ప్రేమ ఉండాలా? మా ఊళ్లో మధ్యాహ్నమైతే తలుపులేసుకుని పడుకుంటాం.

నాకూ ఉక్కగానే ఉందని చెబుదామని ‘ఇష్ బిన్ హైస్’ అన్నాను. ఆవిడ చేతిలో కప్పు నోటిదాకా వెళ్లకుండానే ఆగిపోయింది. వెనకున్న ఇద్దరికి కిటికీ అవతల ఏదో అర్జెంటుగా కనిపించింది. సాయంత్రం ఫ్రెండు పడీపడీ నవ్వి చెప్పాడు: నేనన్నదానికి ‘ఒంటి కోరికతో వేగిపోతున్నాను’ అని అర్థమట.

అసలు కడుపుమంట ఇక్కడ. తెలుగులో ‘నేను వేడి’ అంటామా? నాకు వేడిగా ఉంది, నాకు చలిగా ఉంది అంటాం. జర్మన్‌లోనూ అంతే! మియర్ ఇస్ట్ హైస్, మియర్ ఇస్ట్ కాల్ట్. మియర్ అంటే ‘నాకు’. రెంటచింతల వాక్యాన్ని ఉన్నదున్నట్టు దించేసినా పరువు దక్కేది. మధ్యలో ‘ఐ యామ్ హాట్’ దూరింది. అప్పులు చేసి ఇంగ్లిష్ మీడియం ఫీజులు కట్టిన మా నాన్నకి ఈ మాట ఏ మొహంతో చెప్పను? జర్మన్ క్లాసులో గెర్న్, లీబర్, ఆమ్ లీబ్‌స్టన్ (ఇష్టం, ఇంకా ఇష్టం, అన్నిటికన్నా ఇష్టం) అని నెలంతా వల్లె వేయించారు గానీ ఈ ముక్క చెప్పలేదు. (చెప్పిన రోజు నేను ఎగ్గొట్టానేమో, అది వేరే సంగతి.)

పోనీ నిజం చెబితే వింటారా? ‘ఆమ్ లీబ్‌స్టన్ వాన’ అన్నాను ఒకసారి. ‘ఇంట్లో అంతా బాగానే ఉందా?’ అని అడిగారు. మబ్బు పట్టి చల్లగాలి తిరిగితే ‘అబ్బ, వాతావరణం భలే ఉంది’ అంటాం మేం. ఇక్కడ ‘షోనెస్ వెటర్’, అంటే మంచి వాతావరణం, అనాలంటే ఎండ కాయాల్సిందే. జూన్ 27న వాన పడితే ఏడు వారాలు వదలదని సామెత చెప్పుకుని దిగులుపడే జనం. బెర్లిన్ ఫ్రీ యూనివర్సిటీ వాళ్లు 2002 నుంచి డబ్బు తీసుకుని అధిక పీడనాలకీ అల్పపీడనాలకీ మనం చెప్పిన పేరు పెడుతున్నారు. ఎండ తెచ్చే అధిక పీడనానికి రేటెక్కువ, వాన తెచ్చే అల్పపీడనానికి తక్కువ. నాకిష్టమైంది ఇక్కడ చవక సరుకు!

అయినా జవాబు ముందే రాసిపెట్టుకుని అడగడమెందుకండీ? ఇచ్చిందే రెండు ఆప్షన్లు, అందులో ఒకటే రైటు. సిగ్గుండాలి.

రాత్రి అమ్మకి ఫోన్ చేశాను. మాటలయిపోయాక, ఏ దయ్యం పట్టిందో, ‘అమ్మా, నీకు ఎండాకాలం ఇష్టమా, చలికాలమా?’ అన్నాను. అవతల కాసేపు చప్పుడు లేదు.

‘ఒంట్లో బాగానే ఉందా నాన్నా? అన్నం తిన్నావా?’ అంది.

తిన్నానన్నాను. ఇంకాసేపాగి, ‘అయినా మధ్యలో వానాకాలం ఏమైందిరా?’ అంది.

ఇట్లు,
మియర్ ఇస్ట్ హైస్ (రాసి, గోడకి అంటించుకున్నాను)