పిల్ల ఎక్కువ, నీళ్లు తక్కువ: చెల్సీ కుర్రాళ్ల లెక్క ఎక్కడ తప్పుతోంది?

శనివారం రాత్రి ఏడున్నరకు లండన్ ఫుట్‌బాల్ క్లబ్బు చెల్సీ మ్యాచ్ అయితే తొమ్మిదిన్నరకల్లా నెల్లూరు ట్రంకు రోడ్డు టీ అంగళ్ల దగ్గర వాదన మొదలవుతుంది. అక్టోబరు చివర్లో ఇంగ్లండు వాళ్లు గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు కాబట్టి అక్కడి నుంచి మార్చి చివరిదాకా అదే మ్యాచ్ ఎనిమిదిన్నరకు పడుతుంది, వాదన కూడా గంట జరుగుతుంది. మాటలు మాత్రం మారవు. "అన్ని వేల కోట్లు పోసి ఈ ఆటేందబ్బా?" అని ఒకడు. "కుర్రోళ్లు గదా, టైమియ్యాల" అని ఇంకొకడు. "ఇంట్లో పెరిగినోళ్లను అమ్ముకుని బయటోళ్లను తెచ్చుకుంటే ఇట్నే ఉంటది" అని మూడోవాడు. ఒంగోలు కర్నూలు రోడ్డులోనూ ఇవే మూడు మాటలు, యాస ఒక్కటే కొంచెం తేడా.

మూడు మాటల్లోనూ నిజం ఉంది. కానీ ముగ్గురూ మాట్లాడేది డబ్బు గురించీ ఓపిక గురించీ. కుర్రాడు ఎదిగేది ఆ రెండింటివల్లా కాదు, నిమిషాల వల్ల. ఆ నిమిషాలు ఎవరూ కొనలేరు.

లెక్క చూడండి. ఇంగ్లండు అగ్ర పోటీ ప్రీమియర్ లీగ్‌లో ఒక జట్టుకు 38 మ్యాచ్‌లు. మ్యాచ్‌కు 90 నిమిషాలు, మైదానంలో 11 మంది. మొత్తం 37,620 ఆటగాడి-నిమిషాలు. యజమాని దగ్గర ఎంత డబ్బున్నా ఈ అంకె ఒక్క నిమిషం కూడా పెరగదు. 25 మందికి సమానంగా పంచితే తలా 1,505. కానీ ఏ కోచూ సమానంగా పంచడు. గాయాల్లేని ఎనిమిది మంది ఖాయం ఆటగాళ్లు తలా 2,700 తీసుకుంటే 21,600 అయిపోతాయి. మిగతా 17 మందికి తలా 942, అంటే పదిన్నర మ్యాచ్‌లు. జట్టులో 25 కాదు, 2024 వేసవిలో చెల్సీకి ఉన్నట్టు 40 మంది దాటి ఉంటే? కప్పుల మ్యాచ్‌లు కలిపినా చివర్లో నిలబడ్డవాడి చేతికి వచ్చేది ఆఖరి పది నిమిషాలే.

ఇందుకూరుపేట, ముత్తుకూరు వైపు రొయ్యల చెరువు చేసిన రైతుకు ఇది విడమరచి చెప్పక్కర్లేదు. వనామి రొయ్య సాగుకు 2009లో అనుమతులిచ్చినప్పుడు చదరపు మీటరుకు 60 పిల్లలకు మించకూడదని పరిమితి పెట్టారు. అంటే ఎకరాకు రెండు లక్షల నలభై వేల చిల్లర. సీడు చవగ్గా దొరికిందనో, మంచి హేచరీదనో అంతకుమించి వదిలితే తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోయి రొయ్య పైకి తేలుతుంది. చావకపోయినా సైజు ఒక తీరున రాదు, కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ లెక్క) దిగదు. తప్పు పిల్లది కాదు. చెల్సీ కొన్న కుర్రాళ్లలో చాలామంది మంచి సీడే. వదిలిన లెక్కే తప్పు.

అలా ఎందుకు వదిలారన్నదానికి జవాబు మైదానంలో లేదు, ఖాతా పుస్తకాల్లో ఉంది. 2022 మేలో క్లబ్బు చేతులు మారింది. వాటాలకే 250 కోట్ల పౌండ్లు ఇచ్చారు. ఆ తరవాత కొనుగోళ్లకు వాడిన సూత్రం ఇది: ఆటగాడి ధర కొన్న ఏడాదే ఖర్చు కింద పడదు, ఒప్పందం ఎన్నేళ్లో అన్నేళ్లకు పంచుతారు. 10 కోట్ల పౌండ్ల ఆటగాడికి ఐదేళ్ల ఒప్పందమైతే ఏడాదికి 2 కోట్లు, ఎనిమిదేళ్లయితే కోటీ 25 లక్షలే. 2023 జనవరిలో ఎంజో ఫెర్నాండెజ్‌కూ ముద్రిక్‌కూ ఎనిమిదిన్నరేళ్లు రాసింది అందుకే. ఐరోపా ఫుట్‌బాల్ సంఘం యూఫా అదే ఏడాది జులై నుంచీ, ప్రీమియర్ లీగ్ డిసెంబరులోనూ ఐదేళ్లకు మించి పంచడానికి వీల్లేదన్నాయి. అప్పటికే రాసుకున్నవి అలాగే ఉన్నాయి. ఎనిమిదేళ్ల కాగితానికి ఇంకో కొస ఉంది. ఆటగాడు కుదరకపోతే అదే జీతం ఇచ్చేవాడు బయట దొరకాలి. దొరక్కపోతే ఆ కుర్రాడు జట్టులో ఉండిపోతాడు, ఇంకొకడి నిమిషాలకు అడ్డంగా.

ఇక అమ్మకం సంగతి. మూడేళ్లకు కలిపి 10.5 కోట్ల పౌండ్లకు మించి నష్టం చూపకూడదని 2025-26 సీజన్‌దాకా ప్రీమియర్ లీగ్ నిబంధన. అకాడమీ, అంటే పిల్లల్ని పెంచే క్లబ్బు సొంత శిక్షణ కేంద్రం, మీద పెట్టిన ఖర్చును ఆ నష్టంలో లెక్కించేవాళ్లు కాదు, కుర్రాళ్లను పెంచడానికి అది ప్రోత్సాహకం. వినడానికి బాగుంది. కానీ అకాడమీలో పెరిగినవాడికి కొన్న ధర లేదు కనుక పుస్తకాల్లో అతని విలువ సున్నా. అమ్మితే వచ్చిందంతా ఆ ఏడాది లాభమే. ఆరేళ్ల వయసు నుంచి చెల్సీలోనే పెరిగిన మేసన్ మౌంట్‌ను 2023 జులైలో మాంచెస్టర్ యునైటెడ్‌కు 5.5 కోట్లకు, అదనపు షరతుల మీద మరో 50 లక్షలకు అమ్మారు. అదే 10 కోట్లకు కొన్నవాణ్ని రెండేళ్ల తరవాత 6 కోట్లకు అమ్మితే ఐదేళ్ల ఒప్పందం లెక్కన లాభం సున్నా. ఈ రెండు వరసలు పక్కపక్కన పెట్టుకున్న క్లబ్బు లెక్కల మేనేజరు ఎవర్ని అమ్ముదామంటాడు? కుర్రాళ్లను పెంచడానికి పెట్టిన నిబంధనే వాళ్లను తొందరగా అమ్మేలా చేసింది.

ఖాతాల ఏడాది జూన్ 30తో ముగుస్తుంది. చెల్సీ అకాడమీ కుర్రాడు మాట్సెన్ 2024 జూన్ ఆఖర్లో 3.75 కోట్లకు ఆస్టన్ విల్లాకు వెళ్లాడు. అదే రోజుల్లో విల్లా నుంచి కెల్లీమన్ అనే కుర్రాడు చెల్సీకి వచ్చాడు. మేత అప్పువాడు గట్టు మీద కూర్చుంటే 40 కౌంటుదాకా ఆగలేక 100 కౌంటుకే పట్టుబడి చేసినట్టు ఉంటుందిది. ఆ పూటకి చేతిలో డబ్బు పడుతుంది. పెరిగాక వచ్చే ధర ఇంకొకరికి పోతుంది.

దీనికి కొత్త యజమానులనే తిట్టడం మాత్రం సరికాదు. అకాడమీలో పెరిగిన టామీ అబ్రహాం, టొమోరి, గేహి, లివ్రమెంటో అందరూ పోయింది 2021లో, పాత యాజమాన్యంలోనే. ఆ గేహి 2025 మే 17న క్రిస్టల్ ప్యాలెస్ కెప్టెన్‌గా ఎఫ్ఏ కప్పు అందుకున్నాడు, ఓడింది మాంచెస్టర్ సిటీ.

"మరి కోల్ పామర్ కొన్నోడే గదా?" అన్నది కొనుగోళ్లను వెనకేసుకొచ్చేవాళ్ల బ్రహ్మాస్త్రం. కొన్నవాడే. 2023 సెప్టెంబరు 1న 4 కోట్లకు, షరతుల మీద మరో 25 లక్షలకు. కానీ అతను సిటీ అకాడమీ పిల్లాడు. ఆ ఆగస్టులోనే కమ్యూనిటీ షీల్డ్‌లోనూ సూపర్ కప్‌లోనూ సిటీ తరఫున గోల్ కొట్టాడు. సిటీలో చోటు లేక వెళ్లాడు, చెల్సీలో వారం వారం ఆడాడు, మొదటి సీజన్‌లోనే లీగ్‌లో 22 గోల్స్ కొట్టాడు. అందులో తొమ్మిది పెనాల్టీలు. కుర్రాణ్ని తూచేటప్పుడు అవి పక్కన పెట్టి 13 అనుకోవాలి, అయినా అది గొప్ప అంకె. పక్కూరి చెరువులో ఇరుగ్గా ఉన్న రొయ్య మన చెరువులోకి వచ్చి పెరిగింది. కొంటే పైకొస్తారనడానికి అతను సాక్ష్యం కాడు, ఆడిస్తే పైకొస్తారనడానికి సాక్ష్యం.

లావియాది దీనికి తిరగేసిన కథ. అతనూ సిటీ అకాడమీ వాడే, సౌతాంప్టన్ మీదుగా 5.3 కోట్లకు వచ్చాడు. గాయాలతో 2023-24 మొత్తంలో ఆడింది ఒకే ఒక్క మ్యాచ్, అదీ సబ్‌స్టిట్యూట్‌గా.

డిఫెండర్ చలోబా సంగతి వాదనల్లో తక్కువ వినిపిస్తుంది, నిజానికి అసలు పాఠం అక్కడే ఉంది. ఎనిమిదేళ్ల నుంచి చెల్సీలో ఉన్నవాణ్ని 2024 వేసవిలో అమెరికా పర్యటనకు తీసుకెళ్లలేదు. అతని 14వ నంబరు చొక్కా జావో ఫెలిక్స్‌కు ఇచ్చారు. అతణ్ని ప్యాలెస్‌కు అప్పుగా పంపారు. డిఫెన్స్‌లో గాయాలయ్యేసరికి 2025 జనవరిలో వెనక్కి పిలిచారు. ఆ జులై 13న క్లబ్ వరల్డ్ కప్ ఫైనల్లో పారిస్ జట్టును 3-0తో ఓడించినప్పుడు మొదటి పదకొండులో చలోబా, కాల్‌విల్, రీస్ జేమ్స్ ముగ్గురూ ఉన్నారు. ముగ్గురూ సొంత అకాడమీ వాళ్లు.

కాల్‌విల్ ఎదిగిన తీరు అప్పు పంపకానికి మంచి నమూనా. 2021-22లో రెండో డివిజన్ హడర్స్‌ఫీల్డ్‌లో సీజనంతా ఆడాడు. ఆ సీజన్ చివర ప్లేఆఫ్ ఫైనల్లో అతని సెల్ఫ్ గోల్‌తో జట్టు ఓడింది, పందొమ్మిదేళ్లకే ఆ దెబ్బ కూడా తిన్నాడు. మరుసటి ఏడు బ్రైటన్. ఆ తరవాత చెల్సీ. మెట్టుకు మెట్టు, మధ్యలో వెనక్కి లాగింది లేదు. కుర్ర స్ట్రైకర్ మార్క్ గియు విషయంలో దీనికి వ్యతిరేకం జరిగింది. 2025 ఆగస్టులో సండర్లాండ్‌కు పంపారు, ఆ నెలాఖరున చెల్సీ స్ట్రైకర్ డెలాప్‌కు గాయం కాగానే వెనక్కి పిలిచారు. నాలుగు వారాల్లో కోచ్ పేరు నేర్చుకోవడం తప్ప ఏం జరుగుతుంది?

కాబట్టి ఎవర్నైనా అప్పు పంపారని తెలిస్తే ఏ లీగో చూసి ఊరుకోకూడదు. అక్కడ అదే స్థానంలో ముందునుంచీ ఉన్నవాడెవరు, కోచ్‌కు ఎన్ని నెలల ఉద్యోగం మిగిలింది, జనవరిలో వెనక్కి పిలిచే షరతు ఉందా అన్నవి చూడాలి. కిందికి జారే ప్రమాదంలో ఉన్న జట్టు కొత్త కోచ్‌ను తెచ్చుకుంటే అతను మొదట పక్కన పెట్టేది అప్పు మీద వచ్చిన కుర్రాణ్నే. జట్టు నిలబడ్డా పోయినా ఆ పిల్లాడు వచ్చే ఏడు అక్కడ ఉండడు గదా.

ఐరోపా క్లబ్బుల మూడో స్థాయి పోటీ కాన్ఫరెన్స్ లీగ్‌లో 2024-25లో చెల్సీ కుర్రాళ్లకు నిమిషాలు బాగానే ఇచ్చిందనేవాళ్లు ఉన్నారు. ఇచ్చింది. పామర్‌ను లీగ్ దశ జాబితాలోనే పెట్టకుండా టైరీక్ జార్జ్, అచంపాంగ్ లాంటివాళ్లను ఆడించారు. ఆరుకు ఆరు గెలిచారు, ఆర్మేనియా జట్టు నోవా మీద 8-0. గియు ఆ టోర్నీలో ఆరు గోల్స్ కొట్టాడు. చివరికి మే 28న బెటిస్ మీద 4-1తో కప్పూ వచ్చింది. అయితే ఆ నిమిషాలను లీగ్ నిమిషాలతో కలిపి లెక్కేయడం ఒప్పుకోలేం. గురువారం ఒక జట్టు, ఆదివారం ఇంకో జట్టు అన్నట్టు నడిపినప్పుడు కుర్రాడు పామర్ పక్కన ఎప్పుడు పరుగెత్తాలో నేర్చుకోడు, తనలాంటి కుర్రాడి పక్కన నేర్చుకుంటాడు. కోచ్ నమ్మకం కొలవాలంటే ఒక్కటే కొలత: 0-0 ఉన్నప్పుడు మొదటి పదకొండులో ఎన్నిసార్లు పెట్టాడు. 3-0 మీద 80వ నిమిషంలో దింపింది పక్కన పెట్టండి. 900 నిమిషాలు దాటనివాడి సగటు గోల్స్ గురించి వాదించడం కూడా దండగ; రెండు మంచి మ్యాచ్‌లు ఆ సగటును రెట్టింపు చేసేస్తాయి.

ఈ నిమిషాల లెక్క చెల్సీకే కాదు, నెల్లూరు ఏసీ సుబ్బారెడ్డి స్టేడియంలోనో వీఆర్‌సీ మైదానంలోనో పొద్దున్నే బంతి తన్నే పదేళ్ల పిల్లలకూ అంతే. 22 మంది పిల్లల్ని పెద్ద మైదానంలో ఒక బంతితో వదిలితే, గంటలో చాలామందికి బంతి కాలికి తగిలేది వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. బలంగా తన్నేవాడే ఆడతాడు. ఇంగ్లండులో 2025-26 సీజన్‌దాకా ఎనిమిదేళ్లలోపు ఐదుగురి ఆట, పదేళ్లలోపు ఏడుగురిది, పన్నెండేళ్లలోపు తొమ్మిది మందిది, ఆ తరవాతే పదకొండు మందిది అని పెట్టుకుంది ఇందుకే. బంతి కూడా తొమ్మిదేళ్లదాకా 3వ సైజు, పద్నాలుగుదాకా 4, ఆ పైన 5. మన దగ్గర ఎనిమిదేళ్లవాడికీ 5వ సైజే ఇస్తారు, దుకాణంలో దొరికేది అదే కాబట్టి. ఆ బరువుకు వాడు పాదం లోపలి వైపుతో పాస్ ఇవ్వలేక వేళ్లతో పొడుస్తాడు, అలవాటు అక్కడే పడిపోతుంది. సున్నంతో మైదానాన్ని నాలుగు ముక్కలు చేసి నాలుగు చిన్న బంతులిస్తే కోచ్‌కు అదనంగా అయ్యే ఖర్చు ఆ బంతులే.

మళ్లీ లండన్‌కు. 18 నిండనివాణ్ని దేశం దాటించడానికి ప్రపంచ ఫుట్‌బాల్ సంఘం ఫిఫా మామూలుగా ఒప్పుకోదు. బ్రెగ్జిట్ తరవాత ఐరోపా పిల్లలకు ఉన్న మినహాయింపూ ఇంగ్లిష్ క్లబ్బులకు పోయింది. చెల్సీ యజమానులు 2023లో ఫ్రాన్స్‌లో స్ట్రాస్‌బర్గ్‌ను కొన్నదాని వెనక ఇదీ ఒక కారణమే అనుకోవాలి. బ్రెజిల్ కుర్రాడు ఆండ్రే శాంటోస్ అక్కడ ఆడి తిరిగొచ్చాడు. నర్సరీ చెరువు వేరే పెట్టుకోవడం తెలివైన పనే, అందులో కూడా పిల్ల ఎక్కువ వదలనంతకాలం.

బ్రెజిల్ అంటే నెల్లూరు, ఒంగోలు వాళ్లకు ఇంకో చుట్టరికం ఉంది. ఒంగోలు ఇంకా నెల్లూరు జిల్లాలో ఉన్న రోజుల్లో మన గిత్తలు ఓడెక్కి అక్కడికి పోయాయి. అక్కడ వాటి సంతతి పేరు నెలోర్. 2023లో వయాటినా-19 అనే నెలోర్ ఆవులో మూడో వంతు వాటాను వేలంలో అమ్మారు. ఆటగాడిలో అలా వాటాలు అమ్మడాన్ని ఫిఫా 2015లో నిషేధించింది, ఆవులకు ఆ నిబంధన లేదు.

అదే బ్రెజిల్ నుంచి ఎస్తెవావ్ వచ్చాడు. 2024లో ఒప్పందమైంది, 18 నిండాక 2025 వేసవిలో చేరాడు. చేరేముందు బ్రెజిల్ క్లబ్బు పల్మెయిరాస్ తరఫున క్లబ్ వరల్డ్ కప్‌లో చెల్సీ మీదే గోల్ కొట్టి మరీ వచ్చాడు. అక్టోబరు 4న సబ్‌స్టిట్యూట్‌గా దిగి లివర్‌పూల్ మీద ఆఖరి క్షణాల్లో గెలుపు గోల్ వేసినప్పుడు టీ అంగళ్ల దగ్గర వాదనే లేదు, అందరూ ఒకటే అరుపు. కానీ అతను ఆడే కుడివైపు రెక్కలోనే అప్పుడు పెడ్రో నెటో కూడా ఉన్నాడు, అవసరమైతే పామర్ కూడా అటు జరిగేవాడు. ఒక్క చోటుకు ముగ్గురు, దానికి లీగ్‌లో ఏడాదికి 3,420 నిమిషాలు.