పడని బడిని పడగొట్టే పద్ధతి

గుంటూరులో వందేళ్లు దాటిన బడి ఒకటి మీ చేతికింద ఉండి, అది ఎంతకీ కూలకపోతే ఏం చెయ్యాలన్నది ఎందరో అధికారులకు నిద్రపట్టనివ్వని సమస్య. అడుగున్నర, రెండడుగుల మందాన గోడలు, గానుగ సున్నం, టేకు దూలాలు. అవి వాటంతటవి పడవు. పడేది పక్కనే మొన్నమొన్న కట్టిన అదనపు తరగతి గది. దాని జోలికి వెళ్లకండి, బిల్లు పాసైపోయింది.

పని డాబా మీంచి మొదలుపెట్టాలి. మద్రాసు టెర్రస్ అంటే దూలాల మీద సన్న ఇటుకలను నిలబెట్టి, ఏటవాలుగా సున్నంతో పేర్చి, ఆ పైన ఇటుక ముక్కల సున్నపు కాంక్రీటు పోసి, బెల్లం నీళ్లూ కరక్కాయ నీళ్లూ చల్లుతూ రోజుల తరబడి కొయ్య చెక్కలతో దిమ్మిస చేసిన కప్పు. దానికి ఎండంటే లెక్కలేదు, నిలవనీరంటే భయం. కాబట్టి తూముల్లో వేపాకు పేరుకోనివ్వండి. నీళ్లు గోడలోకి దిగి, దూలం గోడలో కూర్చున్న చోట నానుతాయి. దూలం నడిమికి ఇనుములా ఉన్నా కొస మాత్రం పుచ్చిపోతుంది. తూము శుభ్రం చెయ్యడం ఒక మనిషికి ఒక పూట పని. ఇంత చిన్న మొత్తానికి ఏ ఎస్టిమేటూ తయారు కాదు గనుక ఈ విషయంలో మీకు ఇబ్బంది ఉండదు. గోడలో రావి మొక్క లేస్తే పైపైన కోసి వేరు వదిలెయ్యండి. మరుసటి వానకు దుబ్బుగా వస్తుంది.

తర్వాతది మరమ్మతు. ఇది అన్నిటికంటే బాగా పనిచేస్తుంది. సున్నపు గోడ తడి పీల్చుకుంటుంది, వదిలేస్తుంది. పాత గార చెక్కేసి, దిట్టంగా సిమెంటు పూసి, పైన ప్లాస్టిక్ పెయింటు వేయిస్తే ఆ తడి బయటికి రాలేక లోపలే మగ్గి, ఉప్పుతేలి, ఇటుకను పిండి చేస్తుంది. రెండు మూడు వానాకాలాలకు సిమెంటు పెచ్చులు ఇంత ఇంత ఊడిపడతాయి. ఫొటోకు చాలా బాగుంటాయి. ఎవరైనా పాత మేస్త్రి వచ్చి, ఒక పాలు సున్నానికి మూడు పాళ్లు ఇసుక కలిపి, వారాల తరబడి నానిన సున్నమే వాడాలని చెప్తే, ఆయన రేటు ఎస్‌ఎస్‌ఆర్‌లో, అంటే ప్రభుత్వ పనుల ధరల పట్టికలో, లేదని మర్యాదగా సాగనంపండి.

ఇక భవనం గట్టిదనానికి పరీక్ష. మే నెలలో పెట్టుకోండి. మన నల్లరేగడి వానలకు ఉబ్బి, ఎండలకు ముడుచుకుపోతుంది. దానితోపాటే కొన్ని గోడల్లో నెర్రెలూ తెరుచుకుంటాయి, మూసుకుంటాయి. అక్టోబరులో బ్లేడు దూరని పగుల్లో మే నెలలో అర్ధరూపాయి బిళ్ల పెట్టి ఫొటో తీయొచ్చు. పరీక్షకు రిబౌండ్ హామర్ తెప్పించండి. అది కాంక్రీటు పైపొర గట్టిదనం కొలిచే పరికరం. అందులోని స్ప్రింగు గుండు ఎంత వెనక్కి ఎగిరితే కాంక్రీటు అంత గట్టిదని లెక్క. దాన్ని కాంక్రీటు కంటే మెత్తనైన సున్నపు గార మీద కొట్టించి, వచ్చిన అంకెను కాంక్రీటు పట్టికలో చూసుకుంటే, ఈ భవనం ఎప్పుడో కూలిపోయి ఉండాలని తేలుతుంది. కూలలేదు కదా అని ఎవరూ అడగరు. ‘శిథిలావస్థ’ అన్న మాట కాగితం మీదకు వచ్చాక గోడ మాట ఎవరికి కావాలి?

ఊరి సంగతి. పూర్వ విద్యార్థుల వల్ల ప్రమాదం తక్కువ. వాట్సాప్ గ్రూపులో దండాలు, కన్నీళ్లు, పాత గ్రూపు ఫొటో, ఒక ఆత్మీయ సమ్మేళనం, అందులో గోంగూర గురించి రెండు పొగడ్తలు. బ్రాడీ, అరండల్ దొరల పేర్లను పేటలకు భద్రంగా దాచుకున్న ఊరు ఇది. పేరుకు సున్నం వెయ్యక్కర్లేదు మరి. భయపడాల్సింది వీళ్లలో చొక్కా జేబులో పది రూపాయల పోస్టల్ ఆర్డరు పెట్టుకు తిరిగే రిటైర్డు లెక్కల మాస్టారి లాంటివాళ్లకు. వాళ్లు ఆ పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు చట్టం కింద నివేదిక నకలు అడుగుతారు. ముప్పై రోజుల్లో ఇవ్వాలి. ఇచ్చాక ఊరుకోరు. పరీక్ష ఏ గదిలో, ఏ గోడ మీద, గార చెక్కి చేశారా చెక్కకుండానా, మరమ్మతుకు ఎస్టిమేటు వేశారా అంటారు. సెక్షన్ 2(జె) చూపించి, పనిని కళ్లారా చూస్తాం, సామగ్రి నమూనా ధ్రువీకరించి ఇవ్వండి అంటారు. ఆ హక్కు నిజంగానే ఉంది, అదే దురదృష్టం.

వాళ్ల రెండో ఆయుధం గాజు పలక. మైక్రోస్కోపు స్లైడు లాంటి పలుచటి గాజు ముక్కను పగులుకు అడ్డంగా పెట్టి, రెండు కొసలూ గట్టి పదార్థంతో అతికించి, పక్కన తేదీ రాస్తారు. గోడ కదిలితే గాజు పుటుక్కున విరుగుతుంది, కదలకపోతే అలాగే ఉంటుంది. పగులుకు రెండేసి పెట్టి, పదిహేను రోజులకోసారి ఫొటో తీస్తూ ఒక ఎండాకాలం, ఒక వానాకాలం గాజు విరక్కుండా గడిపారంటే మీ హామర్ అంకె పనికిరాకుండా పోతుంది. ఒక్క ఊరట ఉంది. తెలియనివాళ్లు గాజును ఊడిపోయే పెచ్చు మీదే అతికిస్తారు. గాజు విరక్కుండా పెచ్చుతో సహా కింద పడుతుంది, లెక్క తప్పుతుంది. గార గోకి, గట్టి ఇటుక మీద అతికించాలన్న సంగతి వాళ్లకు తెలియనివ్వకండి.

రాష్ట్ర పురావస్తు శాఖ రక్షిత జాబితాలో ఈ బడి లేదని ముందే చూసుకోండి, చాలా బళ్లు ఉండవు. వారసత్వ కట్టడాల కోసం పనిచేసే ఇంటాక్ సంస్థ జాబితాలో ఉన్నా దానికి చట్టబలం లేదు. పొక్లెయిన్‌ను శుక్రవారం సాయంత్రం, రెండో శనివారం కలిసొచ్చేలా రప్పించండి. సోమవారం స్టే వచ్చేసరికి స్టే ఇవ్వడానికి గోడ మిగలదు. టేకు దూలాల వేలం మాత్రం తొందరపడి ఎస్టిమేటులో ముందే చూపించకండి. పుచ్చిపోయాయన్న దూలాలకు అంత ధర ఏమిటని ఆ మాస్టారు మళ్లీ పది రూపాయలు ఖర్చుపెడతారు.

ఇన్ని చేశాక కూడా ఏడాది తిరిగేసరికి గాజు పలకలు చెక్కుచెదరకుండా కనిపిస్తే కంగారుపడొద్దు. ప్రభుత్వ గోడకు అనుమతి లేకుండా గాజు అతికించినందుకు సంజాయిషీ కోరుతూ నోటీసు ఇచ్చి, ఆ నోటీసును ఆ గోడకే అంటించండి. మేకు కొట్టించకండి, పాత సున్నంలోకి అంత సులువుగా దిగదు.