ఆకలికి సాక్ష్యం అడగవద్దు

క్రీస్తుపూర్వం 123లో ప్రజానాయకుడు గేయస్ గ్రాకస్ రోమ్ పౌరులకు చవకగా గోధుమలు అమ్మే చట్టం తెచ్చాడు. దాన్ని గట్టిగా ఎదిరించిన మాజీ కాన్సుల్ (రోమ్‌లో అత్యున్నత పాలకపదవి) పీసో తర్వాత అదే గోధుమల కోసం వచ్చి నిలబడ్డాడు. ఇదేమిటని గ్రాకస్ నిలదీస్తే, నా సొమ్ము పంచడం నాకు ఇష్టం లేదు, ఎలాగూ పంచుతున్నావు గనుక నా వాటా నాకు కావాలి అన్నాడట. రోమన్ వక్త, రచయిత సిసిరో చెప్పిన ముచ్చట ఇది. పీసో గడుసుతనం అలా ఉంచి, ఆ జనాన్ని చూడండి. కలిగినవాడూ కూలివాడూ ఒకేచోట నిలబడ్డారు. స్త్రీలకూ బానిసలకూ అక్కడ చోటు లేదు, నిజమే. కానీ వచ్చినవారిలో ఎవరూ తాము పేదలమని రుజువు చేసుకోవలసిన పని లేకపోయింది.

బ్రిటన్ మరో దారి పట్టింది. 1832 చట్టం ఓటు హక్కును విస్తరిస్తూనే, పట్టణాల్లో అంతకు ముందు ఏడాది లోపు పారిష్ సాయం, అంటే స్థానిక చర్చి పరిధిలో పేదలకు ఇచ్చే సాయం, తీసుకున్నవారిని ఓటర్ల జాబితా నుంచి తప్పించింది. గంజి కోసం చేయి చాపితే ఓటు పోయేది. 1906లో బడిపిల్లలకు భోజనం పెట్టే చట్టం చేసినప్పుడు, బిడ్డ తిన్నందుకు తండ్రి ఓటుకు భంగం రాదని అందులో ప్రత్యేకంగా రాయవలసి వచ్చింది. అన్నం తిన్న బిడ్డ వల్ల తండ్రికి శిక్ష పడుతుందేమోనన్న భయం ఎంతగా ఉండేదో ఊహించండి! పేదసాయం పేరిట ఓటు తీసేయడం 1918లో గానీ ఆగలేదు.

ఆ చిన్నచూపు నేటికీ మిగిలే ఉంది. బ్రిటన్‌లో ట్రసెల్ అనే స్వచ్ఛంద సంస్థ ఫుడ్ బ్యాంకులు, అంటే లేనివారికి ఉచితంగా తిండి సరుకులు ఇచ్చే కేంద్రాలు, 2023-24లో 31 లక్షలకు పైగా ఆహార సంచులు పంచాయి. సాధారణంగా సంచి చేతికి రావాలంటే డాక్టరో, బడి సిబ్బందో, సలహా కేంద్రమో ఇచ్చిన వోచర్ చూపాలి. లోపల మూడు రోజులకు సరిపడా బీన్స్ డబ్బాలు, పాస్తా, టీ, నిల్వ పాలు. పొయ్యి వెలిగించుకునే స్తోమత లేని ఇళ్ల కోసం, వేడినీళ్లు పోస్తే తినగలిగే సరుకులతో కొన్నిచోట్ల వేరే సంచి కడతారు. ఆ పని చేస్తున్న స్వచ్ఛంద సేవకులకు మా నమస్కారం. అంత సంపన్న దేశం తన బిడ్డల తిండిని దాతల దయకు వదిలేయడం మాత్రం క్షమించరానిది.

2023 సెప్టెంబరు నుంచి లండన్ ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో పిల్లలందరికీ మధ్యాహ్న భోజనం ఉచితం. ఇంటి ఆదాయం ఎవరూ అడగరు. మన బడుల్లో మధ్యాహ్న భోజనం ఎరిగిన పాఠకులకు దీని విలువ విడమరచి చెప్పనక్కరలేదు. ఎవరిది లేని ఇల్లో పక్కన కూర్చున్న పిల్లవాడికి తెలియదు. ఇంగ్లండ్‌లో మిగతాచోట్ల చిన్న తరగతులు దాటాక చాలావరకు ఆదాయం చూసే పెడుతున్నారు. ఆ పరీక్షను రద్దు చేసి, లండన్ పిల్లలకు పెడుతున్న పళ్లెమే దేశంలోని ప్రతి ప్రాథమిక పాఠశాలలోనూ పెట్టాలి. అందుకయ్యే ఖర్చును వచ్చే బడ్జెట్‌లోనే చూపాలి.