రోటర్‌డ్యామ్‌లో అవకాడో తోటలు చూపించే గ్రాఫు గారికి

మహారాజశ్రీ పండ్ల ఎగుమతుల గ్రాఫు గారి దివ్య సముఖానికి,

ఉభయకుశలోపరి. పండ్ల వ్యాపారం మీద ఏ నివేదిక తిరగేసినా మీ దర్శనమే. అడుగున సంవత్సరాలు, పక్కన టన్నులు, మధ్యలో రంగురంగుల గీతలు. లాటిన్ అమెరికా ఇంత, యూరప్ ఇంత, ఆఫ్రికా ఇంత. ఎవరు ఎవరిని ఎప్పుడు దాటేశారో ఒక్క చూపుకే తెలిసిపోతుంది. అంత సులువుగా తెలిసిపోతోందనే నాకు అనుమానం.

ముందు నెదర్లాండ్స్ సంగతి తేల్చండి. అవకాడో ఎగుమతుల్లో ఆ దేశం మెక్సికో, పెరూలతో పాటు ముందు వరుసలో కాలు మీద కాలేసుకుని కూర్చుంటుంది. అక్కడి చలికి అవకాడో తోటలు ఎక్కడివండీ? ఉన్నదల్లా రోటర్‌డ్యామ్ రేవు. పెరూలో కోసిన కాయ ఓడెక్కగానే పెరూ ఖాతాలో పడుతుంది. అదే కాయ రోటర్‌డ్యామ్‌లో దిగి, మగ్గబెట్టే గదిలో కొన్నాళ్ళు ఉండి, లారీ ఎక్కి జర్మనీ బయల్దేరితే ఈసారి నెదర్లాండ్స్ ఖాతాలో పడుతుంది. కాయ ఒకటే, ఎగుమతులు రెండు. మీరు రెండూ కూడేసి ప్రపంచ మొత్తం అంటారు. సొమ్మొకడిది, సోకొకడిది! అరటిపండ్ల దగ్గర బెల్జియంది కూడా ఇదే వరస.

అసలు ప్రాంతం అంటే మీ ఉద్దేశం ఏమిటో కూడా చెప్పండి. జార్జియా నారింజలు మాస్కో వెళ్ళడం సోవియట్ రోజుల్లో ఇంటి వ్యవహారం. 1991లో సోవియట్ యూనియన్ విడిపోయింది, అంతే, అవే చెట్ల కాయలు అదే ఊరికి వెళ్తూ ఎగుమతులైపోయాయి. స్పెయిన్ నారింజ జర్మనీ వెళ్తే ఎగుమతి. కాలిఫోర్నియా నారింజ అంతకంటే దూరాన ఉన్న న్యూయార్క్ వెళ్తే ఏమీ కాదు. ఆ తర్వాత మీరు తాపీగా "యూరప్, ఉత్తర అమెరికా: ఒక పోలిక" అని శీర్షిక పెడతారు.

ఇక కాలం. యాభై, అరవై ఏళ్ళ చరిత్రను మీరు ఒకే గీతగా లాగినప్పుడల్లా నాకు అరటి గెలలు గుర్తొస్తాయి. ఒకప్పుడు ఎగుమతి అరటి అంటే గ్రోస్ మిషెల్ రకం. తోలు మందం. గెలలు గెలలుగానే ఓడలోకి ఎక్కించేవారు, లెక్క కూడా గెలల్లోనే రాసేవారు. గెలలన్నీ ఒకే సైజులో ఉండవు, పైగా తినడానికి పనికిరాని కాడ బరువు అదనం. పనామా తెగులు ఆ రకాన్ని తుడిచిపెట్టాక, 1960 ప్రాంతంలో కావెండిష్ వచ్చింది. అది సుకుమారి. కాస్త తగిలితే నల్లబడుతుంది. దాంతో తోటలోనే హస్తాలు కోసి, కడిగి, అట్టపెట్టెల్లో సర్దడం మొదలైంది. ఇప్పుడు ఈక్వడార్ లెక్క చెప్పేది 18.14 కిలోల పెట్టెల్లో, అంటే 40 పౌండ్లన్నమాట. మరి ఆ గెలలకీ ఈ పెట్టెలకీ మధ్య మీ గీత ఎక్కడా తడబడదేం? మసిబూసి మారేడుకాయ చేయడం మీ దగ్గరే నేర్చుకోవాలి.

పెట్టెలన్నీ ఒకటేనా అంటే అదీ లేదు. దక్షిణాఫ్రికా నిమ్మజాతి పండ్ల పెట్టె 15 కిలోలు. న్యూజిలాండ్ కివీ ట్రే మూడున్నర కిలోల చిల్లర. కోటి పెట్టెలని పెద్దక్షరాల్లో వేస్తే చదివేవాడు ఏ పెట్టెని ఊహించుకోవాలి?

చిలీ చెర్రీలకైతే మీ క్యాలెండరే గిట్టదు. కోత నవంబర్ నుంచి జనవరి దాకా, సరుకులో సింహభాగం చైనా కొత్త సంవత్సరం పండక్కి. ఆ పండగేమో ఒక ఏడాది జనవరిలో, ఇంకో ఏడాది ఫిబ్రవరిలో వస్తుంది. డిసెంబర్ చివర్లో బయల్దేరిన ఓడ చిలీ లెక్కలో పాత సంవత్సరం, చైనా లెక్కలో కొత్త సంవత్సరం. ఒకే సీజన్‌ను మీరు డిసెంబర్ 31 దగ్గర రెండు ముక్కలు చేసి, ఒక ముక్క తగ్గిందని వ్యాఖ్యానం కూడా రాయిస్తారు.

మామిడి జోలికి వెళ్ళాలంటేనే టెన్షన్. సరుకులను వర్గీకరించే కస్టమ్స్ కోడ్ 0804.50లో మామిడి, జామ, మాంగోస్టీన్ మూడూ కలిసే కాపురం చేస్తాయి, తాజావైనా ఎండినవైనా సరే. థాయిలాండ్ మాంగోస్టీన్లు ఎక్కువగా పంపిన ఏడాది మామిడి గీత లేచి కూర్చుంటుంది.

మీ అసలు చేతివాటం మాత్రం మొదటి సంవత్సరం ఎంచుకోవడంలో ఉంది. 1998 అక్టోబర్ చివర్లో మిచ్ తుపాను హోండురస్ అరటితోటలను ఊడ్చేసింది. గీత 1999లో మొదలుపెడితే కోలుకున్న ప్రతి తోటా ఘనవిజయమే. 1997లో మొదలుపెడితే అదే దేశం కుదేలు. పెరూ బ్లూబెర్రీలు 2010 నాటికి దాదాపు సున్నా, పదేళ్ళు తిరిగేసరికి చిలీని దాటాయి. అది నిజంగానే గొప్ప పెరుగుదల, కాదనను. కానీ సున్నా పక్కనుంచి బయల్దేరితే శాతాలు ఎంతైనా పలుకుతాయి కదా. 2023లో వేడికి కాపు దెబ్బతిన్నప్పుడు ఆ శాతాలన్నీ ఎటుపోయాయి?

దీనికి జవాబు రాస్తే దయచేసి టన్నుల్లో రాయండి. పెట్టెల్లోనే పంపుతానంటే సరే, కాకపోతే పెట్టె ఎన్ని కిలోలో పైన రాసి, రోటర్‌డ్యామ్ మీదుగా కాకుండా నేరుగా పంపండి.

ఇట్లు,
మీ కింద ఉండే చిన్నక్షరాలు కూడా చదివే ఒక పాఠకుడు