చాటున కట్టిన యాప్ బజారుకు పనికిరాదు

గుంటూరులో నాకు తెలిసిన కుర్రాడొకడు పగలు ఉద్యోగం చేసుకుంటూ, రెండేళ్ల పాటు రాత్రిళ్లు కూర్చుని మిర్చి కోల్డ్ స్టోరేజీల కోసం యాప్ రాశాడు. ఏ రైతువి ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు), ఏ గదిలో ఉన్నాయి, అద్దె ఎంతైంది, అన్నీ పెట్టాడు. ఎవరికీ చూపలేదు, ఇంట్లోవాళ్లకు కూడా. అంతా అయ్యాక ఒక గుమస్తా చేతికిస్తే ఆయన అడిగింది ఒకటే: "అబ్బాయ్, ఇందులో బ్యాంకు లోను మీదున్న సరుకేదో ఎట్టా తెలుసుద్ది?" తాకట్టు పెట్టి లోను తీసుకున్న సరుకు, ఆ సంగతి తేలకుండా గేటు దాటదు. అది తెలియకుండా కట్టిన లెక్కంతా పునాది నుంచి తిరగరాయాల్సి వచ్చింది. మొదటి వారంలో వినాల్సిన ప్రశ్న అది.

విజయవాడ, గుంటూరుల్లో సొంతంగా యాప్‌లు రాసేవాళ్లకు, చిన్న స్టార్టప్‌లు పెట్టేవాళ్లకు తెలివి తక్కువేం కాదు. మొదటి మెట్టుకు డబ్బూ పెద్దగా అక్కర్లేదు. గూగుల్ ప్లే డెవలపర్ ఖాతాకు ఒక్కసారి 25 డాలర్లు కడితే సరి. మంగళగిరిలో స్టార్టప్‌లకు చేయూతనిచ్చే రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్ 2025 ఆగస్టులో మొదలైంది కూడా. పని సగంలో ఉండగానే నలుగురి ముందూ పెట్టే అలవాటే మనకు లేదు.

చూపిస్తే ఎత్తుకుపోతారంటారు. ఉద్యోగాల్లో ఉన్నవాళ్లకు మరో భయం. పోటీ సంస్థలకూ పనిచేస్తున్నారని విప్రో 2022లో 300 మందిని తీసేసింది. నియామక పత్రంలో ఏం రాసుందో చదువుకునే దిగాలి, కాదనను. ఆలోచన పోతుందన్న భయాన్ని మాత్రం నేను ఒప్పుకోను. మన పేటెంట్ చట్టం సెక్షన్ 3(కె) ప్రకారం వట్టి కంప్యూటర్ ప్రోగ్రాముకు పేటెంటే రాదు. కాపీరైట్ కూడా రాసిన కోడ్‌కే గానీ దాని వెనకున్న ఆలోచనకు కాదు. దాచినంత మాత్రాన ఆలోచన మన సొత్తైపోదు. పూర్తయ్యాక బయటపెట్టిన రోజైనా ఎవరో ఒకరు చూస్తారు కదా! మొదటి నుంచీ చూపిస్తూ ఉంటే, ఆ రెండేళ్లలో గుమస్తా దగ్గర నేర్చుకునే పాఠం మాత్రం ఎవరో చూసి రాసుకుంటే వచ్చేది కాదు.

ఆటోనగర్‌కు వెళ్లి చూడండి. లారీ బాడీకి చట్రం నిలబెట్టిన రోజు నుంచే డ్రైవరు, ఓనరు, పక్క షెడ్డు మేస్త్రి వచ్చి తలో మాట అంటారు. పడుకునే బల్ల పొట్టిగా ఉందని డ్రైవరు అంటే రంగు పడకముందే మారుస్తారు. పక్క షెడ్డువాడు చూసేస్తాడని ఎవరూ పరదా కట్టుకోరు. మిర్చి యార్డులోనూ అంతే, కాయ చేతిలోకి తీసుకుని రంగు, తేమ చూడనిదే ధర పలకదు. 1991 ఆగస్టు 25న లినస్ టోర్వాల్డ్స్ అనే 21 ఏళ్ల విద్యార్థి, ఇంకా పూర్తికాని తన ఆపరేటింగ్ సిస్టమ్ గురించి సరదాకి చేస్తున్నానని చెప్పి, మీకేం కావాలో చెప్పండని అందరినీ అడిగాడు. అదే లినక్స్. మన కుర్రాడి యాప్ నడిచే ఆండ్రాయిడ్ ఫోనుకు లోపల ఆధారం అదే.

మరి ఈ పరదా మన పిల్లలకు ఎక్కడ పట్టుకుంది? నేను వేలెత్తి చూపేది మన ఇంటర్ కాలేజీలనే. వారం వారం పరీక్ష, మార్కులను బట్టి సెక్షన్, ఊరంతా ర్యాంకుల ఫ్లెక్సీలు. కొట్టివేతలున్న చిత్తు పుస్తకాన్ని మెచ్చుకున్న మాస్టారు అక్కడ ఎంతమందికి దొరికాడు? తప్పు కనబడితే పరువు పోతుందని పదహారేళ్లకే నేర్చుకున్నవాడు, పాతికేళ్లొచ్చాక తప్పులున్న యాప్‌ను బజారులో పెట్టమంటే పెడతాడా? ఇంట్లో చెబితే "ఉద్యోగం మానేస్తావా ఏంటి నాన్నా?" అని అమ్మ బెంగ. ఇన్ని లక్షల ఫీజులు కట్టి మనం పిల్లలకు కొనిపెట్టింది ఈ బెరుకునే. నాకు కోపం తెప్పించేది అదే.

గూగుల్ ప్లేలో కొత్తగా వ్యక్తిగత ఖాతా తెరిచినవాళ్లు యాప్ విడుదల చేసేముందు 12 మందితో 14 రోజులు వరసగా పరీక్ష చేయించాలని గూగుల్ నియమం. మనవాళ్లు క్లాస్‌మేట్లతో ఆ లెక్క నింపేస్తున్నారు. వేసవిలో యార్డుకు సెలవులిస్తారు, గుమస్తాలకు కాస్త తీరిక దొరికేది అప్పుడే. ఆ 12 మందిలో ముగ్గురైనా వాళ్లు ఉండాలి.