ఐన్‌స్టీన్ ప్రశ్నా కాదు, రెండు శాతమూ కాదు

ఒంగోలు నుంచి నెల్లూరు దాకా తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో ఈమధ్య ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. అందులో ఉన్నది ఇదీ: "ఒంగోలు నుంచి బస్సు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో, నెల్లూరు నుంచి లారీ 40 కిలోమీటర్ల వేగంతో ఒకేసారి బయల్దేరాయి. ఎదురుపడినప్పుడు నెల్లూరుకు ఏది దగ్గర? ఐన్‌స్టీన్ వేసిన ఈ ప్రశ్నకు 10 సెకన్లలో జవాబు చెప్పగలిగేది 2 శాతం మందే. వాళ్ళది కుడి మెదడు, ఐక్యూ 140 పైమాటే. రోజుకొక పజిల్ చేస్తే మతిమరుపు రాదు. బట్టీ చదువుల మన పిల్లలకు ల్యాటరల్ థింకింగ్ అసలు తెలియదు." అడుగున జవాబు కూడా ఇచ్చారు: రెండూ సమాన దూరంలో ఉంటాయి.

కావలిలో లెక్కల ట్యూషన్ చెప్పుకునే నేను దీన్ని చూసి నవ్వుకుని వదిలేసేవాణ్ణే. కానీ ఒక తండ్రి వచ్చి, "మావాడు చెప్పలేకపోయినాడు సార్, ఎంపీసీ వద్దంటారా?" అని అడిగాడు. ఇక ఊరుకుంటే లాభం లేదనిపించింది.

ఐన్‌స్టీన్‌కు ఒంగోలు బస్సుతో ఏం పని అన్నది పక్కన పెడదాం. ఆయన పేరు మీద ప్రపంచమంతా తిరిగే పజిల్ వేరే ఉంది. ఐదు రంగుల ఇళ్ళు, ఐదు దేశాలవాళ్ళు, వాళ్ళలో చేపను పెంచేది ఎవరు అని. చేప బదులు జీబ్రాతో అది 1962 డిసెంబరులో లైఫ్ ఇంటర్నేషనల్ పత్రికలో వచ్చింది. ఆయన పోయింది 1955లో. ఆయనే రాశాడనడానికి ఆధారమేదీ లేదు. పైగా అది ల్యాటరల్ పజిలే, అంటే అలవాటైన దారి వదిలి పక్కదారిన ఆలోచిస్తే తేలే పజిలే, కాదు. గళ్ళు గీసుకుని ఒక్కొక్కటి కొట్టేసుకుంటూ పోతే తేలిపోయే తర్కం.

2 శాతం లెక్క మాటకొస్తే, ఎవరు ఎక్కడ ఎంతమందిని అడిగారో మెసేజ్‌లో లేదు. అది చాలదన్నట్టు దాని అంకెలు ఒకదానితో ఒకటి పొసగవు. ఐక్యూ సగటు 100. మామూలుగా వాడే కొలతలో 130 దాటేవాళ్ళే సుమారు 2 శాతం. 140 దాటేవాళ్ళు వెయ్యికి నలుగురు. ఈ ప్రశ్నకు జవాబు చెప్పిన 2 శాతం మందికీ, అంటే వెయ్యికి ఇరవై మందికీ, 140 పంచేస్తే ఆ నలుగురు పోను మిగతావాళ్ళు ఎక్కడి నుంచి వచ్చారు? అసలు ఐక్యూ పరీక్ష అంటే రకరకాల ప్రశ్నలతో, వయసును బట్టి పోల్చి చేసేది. ఒక్క ప్రశ్నతో, అందులోనూ కిందే జవాబున్న ప్రశ్నతో తేలేది కాదు.

ఇక 10 సెకన్లు. ఇదే ప్రశ్న మా పిల్లలకు వేశాను. ముందు అందరూ బస్సు అన్నారు, వేగం ఎక్కువని. కాసేపటికి ఒకమ్మాయి, "ఎదురుపడ్డాక రెండూ ఒకచోటే గదా సార్" అంది. మెసేజ్ ప్రకారం ఆట అక్కడికి అయిపోవాలి. వెనక బెంచీ పిల్లాడు ఒప్పుకోలేదు. "లారీనే సార్. ముక్కూ ముక్కూ ఎదురైనప్పుడు లారీ తోక నెల్లూరు వైపే గదా ఉండేది!" బొమ్మ గీసి చూశాం. వాడు చెప్పింది నిజం. బస్సు ముక్కు దక్షిణానికి, లారీ ముక్కు ఉత్తరానికి. లారీ ఒళ్ళంతా నెల్లూరు వైపే ఉంది. ఇంకొకడు "బస్సు నాన్‌స్టాపా, కావలి బస్టాండులోకి వస్తాదా?" అన్నాడు. ఫార్వర్డ్ లెక్కన వీళ్ళిద్దరూ ఫెయిల్. నా లెక్కన ఆ రోజు బాగా ఆలోచించింది వీళ్ళే.

టైమర్ పెట్టి తొందరపెడితే ఇలాంటివి పుట్టవు. కొవ్వొత్తి, పెట్టె నిండా డ్రాయింగ్ పిన్నులు, అగ్గిపెట్టె ఇచ్చి, మైనం బల్ల మీద పడకుండా కొవ్వొత్తిని గోడకు నిలబెట్టమనే ప్రయోగం ఒకటుంది. కార్ల్ డంకర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తది. పిన్నులు ఒలకబోసి, ఖాళీ పెట్టెను గోడకు గుచ్చి, దాని మీద కొవ్వొత్తి పెట్టాలి. పెట్టె అంటే పిన్నులు ఉంచుకోవడానికే అనుకోవడం వల్ల చాలామందికి అది తట్టదు. 1962లో శామ్ గ్లక్స్‌బర్గ్ దీన్నే మళ్ళీ చేయించి, త్వరగా చేసినవాళ్ళకు డబ్బులిస్తానన్నాడు. డబ్బు ఆశపడ్డవాళ్ళకే ఎక్కువ సమయం పట్టింది. పెట్టె ఖాళీ చేసి పిన్నులు విడిగా ఇస్తే మాత్రం డబ్బు ఆశపడ్డవాళ్ళే ముందు ముగించారు. దారి తెలిసిన పనికే తొందర పనికొస్తుంది.

కుడి మెదడు కథ పూర్తిగా గాలి కబురేమీ కాదు. మెదడు రెండు సగాల పనులూ ఒకటి కావని చూపినందుకు రోజర్ స్పెర్రీకి 1981లో నోబెల్ వచ్చింది. జవాబు చటుక్కున తట్టే క్షణంలో కుడి కణత వైపు కొంత చురుకు కనిపించిందని 2004లో ఒక పరిశోధన చెప్పింది. అంతమాత్రాన మనుషుల్ని కుడి మెదడువాళ్ళు, ఎడమ మెదడువాళ్ళు అని విడదీయలేం. 2013లో అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంవాళ్ళు వెయ్యిమందికి పైగా మెదడు స్కాన్లు చూసినా అలాంటి విభజన దొరకలేదు.

మతిమరుపు సంగతి ఒక్క ముక్కలో. పజిల్స్‌తో వయసు మీది మతిమరుపు తగ్గుతుందని ప్రచారం చేసుకున్న లుమోసిటీ అనే యాప్, ఆధారాలు చూపలేక 2016లో అమెరికా ప్రభుత్వ సంస్థకు 20 లక్షల డాలర్లు కట్టింది. సరదాకి చేసుకోండి. వాటిని నమ్ముకుని బీపీ, షుగర్ మాత్రలు మాత్రం మానకండి.

మన పిల్లలకు ల్యాటరల్ థింకింగ్ తెలియదన్న ఆ మెసేజ్ చివరి మాటే నాకు కోపం తెప్పించింది. ల్యాటరల్ థింకింగ్ అన్న పేరు ఎడ్వర్డ్ డి బోనో 1967లో పెట్టి ఉండొచ్చు. "అమ్మ అంటే కలుస్తాయి, అయ్య అంటే కలవవు" అని మన అవ్వలు పొడుపు కథ వేసినప్పుడు పిల్లలు చేసేదేమిటి? మొదట చుట్టాలను వెతుకుతారు. తర్వాత గట్టిగా అని చూసుకుని, పెదవులని పట్టేస్తారు. భారతంలో యక్షప్రశ్నలున్న భాగాన్ని తెనిగించిన ఎఱ్ఱన అద్దంకి రెడ్డిరాజుల ఆస్థాన కవి. నిద్రపోయినా కన్ను మూయనిది చేప, పుట్టినా కదలనిది గుడ్డు అని ధర్మరాజు చెప్పిన జవాబులు అక్కడివే. బట్టీ చదువులు ఉన్నమాట నిజమే. దానికి పిల్లలను అనడమెందుకు?

"నీళ్ళలో పుడుతుంది, నీళ్ళలో పడితే చస్తుంది" అని అడిగి చూడండి. ఇస్కపల్లి ఉప్పు కొటార్ల వైపు నుంచి వచ్చే పిల్లలు ప్రశ్న పూర్తి కాకుండానే ఉప్పు అనేస్తారు. టౌను పిల్లలు చేప దగ్గర ఆగి, మంచుగడ్డ దాకా పోయి, "తినేదా సార్? తెల్లగా ఉంటాదా?" అని అడిగి అడిగి అక్కడికి చేరతారు. ఇందులో ఎవరి ఐక్యూ ఎంతో ఆ మెసేజ్ రాసినాయన వచ్చి చెప్పాలి.