రెండు వచ్చినా తప్పేనట!

మా అమ్మాయి లెక్కల నోట్‌బుక్ ఇప్పుడే చూశాను. బీపీ ఇంకా దిగలేదు.

(2, 3), (6, 11) బిందువుల గుండా పోయే సరళరేఖ వాలు కనుక్కోమన్నారు. పిల్ల 3లోంచి 11 తీసేసింది, మైనస్ 8. 2లోంచి 6 తీసేసింది, మైనస్ 4. భాగిస్తే 2. దాని మీద ఎర్ర ఇంకుతో ఇంత పొడుగు గీత! పక్కన 'రెండో బిందువులోంచే మొదటిది తీసేయాలి' అని ఆజ్ఞ. అలా తీసినా 8 బై 4, అదే 2 కదండీ! పైన ఒక వరస, కింద ఇంకో వరస పెడితే మైనస్ 2 వస్తుంది. అప్పుడు కొట్టేయండి, ఎవడొద్దన్నాడు? అయినా ఏది మొదటిది, ఏది రెండోది? బిందువులేమన్నా టోకెన్ తీసుకుని లైన్లో నిలబడ్డాయా?

గళ్ళ కాగితం తెచ్చి గీయించాను. నాలుగు గళ్ళు కుడికి, ఎనిమిది పైకి. అటునుంచి వస్తే నాలుగు ఎడమకి, ఎనిమిది కిందికి. గీత అదే గీత. ఫ్రెంచి గణితవేత్త డేకార్ట్ 1637లో బీజగణితాన్నీ జ్యామితినీ కలిపింది ఈ ఎర్ర ఇంకు కోసమా?

ఇంకో బాధ. 'వాలు అంటే ఏంటమ్మా' అంటే 'వై టూ మైనస్ వై వన్...' అని గడగడా అప్పజెప్పింది. ఒక గడి కుడికి జరిగితే గీత ఎన్ని గళ్ళు ఎక్కిందో చెప్పేదే వాలు అంటే, నావంక వింతగా చూసింది. నిచ్చెన గోడకి వాల్చడం తెలుసు, వాలుకుర్చీ తెలుసు, లెక్కలో మాత్రం వాలు తెలీదు! ఇంత తేట మాట పెట్టుకుని ఏం నేర్పుతున్నట్టు?

నాకేం కొత్త కాదులెండి. నా చదువప్పుడు ఒక సారు (3, 1), (3, 7) ఇచ్చి, నిలువు గీత కాబట్టి వాలు సున్నా అన్నాడు. 'సార్, 6 బై 0 వస్తోంది, సున్నాతో భాగించకూడదు కదా, సున్నా వాలు అడ్డగీతకి కదా' అన్నాను. అంతే, పీరియడ్ అయ్యేదాకా బెంచీ మీద నిలబెట్టాడు. నిటారుగా, అచ్చం ఆ గీతలాగే. క్లాసంతా నవ్వింది. అది ఇప్పటికీ మర్చిపోలేదు, మర్చిపోను కూడా.

ఇక్కడ మా పిల్ల ఆ ఆజ్ఞని పదిసార్లు రాయాలట, ఆరోసారిలో ఉంది. ఆపేయమ్మా, నేనొచ్చి మాట్లాడతా అన్నాను.

'వద్దు నాన్నా, ఉన్న మార్కులు కూడా తీసేస్తారు' అంటోంది.